కుట్టుమిషన్ సొరుగులో అత్తర్లు

“జర ఎనకకు జరుగు. పోపు వాసన కొడ్తున్నవ్. షర్టుకు అంటుకుంటది.”

చాదర్‌ఘాట్ వంతెన మీద స్కూటర్ నడుపుతూ, తల కూడా తిప్పకుండా భూపాల్ అన్న మాట అది. చంద్రిక జరిగింది. వెనక స్టెప్నీ తప్ప జరగడానికి చోటేం లేదు, అయినా పెళ్ళయినప్పటి నుంచీ జరగమంటే జరగడం అలవాటైపోయింది. జరిగాక మాత్రం కడుపు మండింది. ఆ పోపు ఎవరి పప్పులోది? ఆ పప్పు ఎవరి టిఫిన్ డబ్బాలో ఉంది? తెల్లారకముందే లేచి, నల్లా దగ్గర నీళ్ళు పట్టి, అత్తకు చాయ్ ఇచ్చి, ముగ్గురికీ వండి, రెండు డబ్బాలు కట్టి, కొంగుతో మొహం తుడుచుకుని పరుగెత్తుకొచ్చి స్కూటరెక్కిన మనిషి ఒంటి మీద పోపు వాసన కాక పన్నీటి వాసన వస్తుందా? పప్పేమో ఆయన నోటికి కావాలి, దాని వాసన మాత్రం పెళ్ళాం ఒంటి మీదే ఉండిపోవాలి, అదీ ఆయన షర్టుకు అంటకుండా. బాగుంది వరస!

నాంపల్లిలో ఆమెను దింపేసి అతను బషీర్‌బాగ్‌లో తను పనిచేసే ఫైనాన్స్ కంపెనీకి వెళ్ళిపోయాడు. చంద్రిక టైపిస్టు. ఆఫీసు స్టేషన్‌కు దగ్గర్లోనే. ఆ మధ్యాహ్నం డబ్బా మూత తీయబుద్ధి కాలేదామెకు. పక్క సీటు మాబెల్, సికింద్రాబాదు పిల్ల, మనసులో ఏదీ దాచుకోని మనిషి, “ఏమైందే, మొహం గట్ల పెట్టినవ్?” అని అడిగితే జరిగింది చెప్పేసింది. మాబెల్ ముందు పకపకా నవ్వింది. చంద్రిక కళ్ళు చూసి నవ్వు ఆపేసి, “లే, నాతోని రా,” అని చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

దర్గాకు పోయే సందులో ఒక అత్తరు దుకాణం. దుకాణమంటే ఎంత, ఒక తలుపంత. లోపల కూర్చున్న ముసలి చాచా గాజుపుల్లను సీసాలో ముంచి చంద్రిక ఎడమ ముంజేతి మీద ఒకటి, కుడి ముంజేతి మీద ఒకటి రాశాడు. ఆమె చప్పున ముక్కు దగ్గర పెట్టుకోబోతే ఆపాడు.

“ఇప్పుడే కాదు బేటీ. ఇప్పుడు అన్నీ మంచిగనే ఉంటయ్. పొద్దుగూకినంక చూడు. అప్పటికి గూడ నచ్చితే కొనుక్కో, లేకుంటే ఫికర్ లేదు.”

తొందరపెట్టకుండా తనకేదైనా చూపించిన మనిషిని చంద్రిక అంతవరకు చూడలేదు. సాయంత్రం ఇంట్లో ఉల్లిగడ్డలు కోస్తుంటే ఎడమచేతి నుంచి మొగలిపువ్వు వాసన వచ్చింది. ఉల్లి ఘాటును పక్కకు నెట్టి మరీ వచ్చింది. కత్తిపీట ముందు కూర్చుని తన చేతిని తనే రెండుసార్లు వాసన చూసుకుంది. కోడలికేమైందోనని అత్త లక్ష్మీనర్సమ్మ ఓరగా చూసింది.

అట్లా మొదలైంది. తొంభై ఐదు నాటి మాట ఇది. పెద్ద జీతమేం కాదు చంద్రికది. నెల మొదట్లో జీతం కవరు భూపాల్ చేతిలో పెడితే, సాయంత్రాలు ఇంటికొచ్చే బస్సు పాసు తప్ప తనకు మిగిలేదేమీ ఉండదు. కాని పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుట్టుమిషన్ ఉంది కదా! బస్తీలో ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. జాకెట్ల డబ్బులు అత్తర్లకు, అంతే, అందులోంచి కూరగాయలకు కూడా తీయనని ఒట్టు పెట్టుకుంది. మాబెల్‌తో వాటా కుదిరింది. ఇద్దరూ కలిసి అర తులం కొంటే చాచా కాస్త తగ్గించి ఇచ్చేవాడు. దాన్ని సూది తీసేసిన సిరంజితో, చుక్క ఒలకకుండా, ఆఫీసు టేబుల్ మీదే చెరి సగం పంచుకునేవాళ్ళు. మాబెల్ అక్క దుబాయి నుంచి తెచ్చిన సెంటు సీసాల్లో అడుగున మిగిలినవి కూడా చంద్రికకే వచ్చేవి. ఏదీ చూడగానే కొనేది కాదు. లంచ్ టైములో చేతికి రాయించుకోవడం, అబిడ్స్ దాకా ఎండలో నడిచి రావడం, చెమట పట్టాక ఎట్లుందో చూసుకోవడం. చెమటకు చెడిపోయే వాసన తనకెందుకు? తనకు చెమట పట్టని రోజుందా? రెండేళ్ళు తిరిగేసరికి మిషన్ సొరుగులో, దూది మీద, చీకట్లో, చల్లగా మొగలి, మల్లె, గంధం, మట్టి అత్తరు, పేరు తెలియని దుబాయి సీసా ఒకటి వరసగా పడుకున్నాయి.

ఇక మాటలు. మాటలకేం కరువు? “ఆఫీసుకు పోతున్నవా, పెండ్లికి పోతున్నవా?” అని అత్త. “పైసలు ఖరాబ్, ఎగిరిపోయేదానికి పైసలు పెడ్తరా ఎవలన్న?” అని భర్త. ఆ మాటన్న మనిషి వేళ్ళ మధ్య సిగరెట్ పొగై ఎగిరిపోతూనే ఉంది. ఆఫీసులో సూపరింటెండెంటు, “చంద్రికమ్మా, మీటింగులో చాయ్ మీరే పోయండి. మీరొస్తే గది గుమగుమలాడుతది,” అని పళ్ళికిలించాడు. చంద్రిక ఆ రోజంతా చెయ్యి కడుక్కుంటూనే ఉంది. అన్నిటికన్నా ఆమెను కుదురుగా ఉండనివ్వనిది ఒక్కటే ప్రశ్న, అందరూ అడిగింది: “ఎవలి కోసమే గిన్ని వాసనలు?” ఎవరి కోసమంటే ఏం చెప్పాలి? భర్త కోసమంటే ముచ్చట పడతారు, ఇంకెవరి కోసమో అనుకుంటే నోళ్ళు నొక్కుకుంటారు. నా కోసం అంటే మాత్రం అర్థం కాదు. ఆడదాని ముక్కు ఉన్నది పాలు విరిగాయా, పప్పు మాడిందా, గ్యాసు లీకవుతోందా చూడడానికే అనుకుంటారు కాబోలు. తన ముక్కుకు కూడా ఓ ఇష్టం ఉంటుందని చంద్రికకే ముప్ఫై దాటాక తెలిసింది, వాళ్ళకేం తెలుస్తుంది పాపం!

వట్టివేళ్ళ అత్తరు కథ వేరు. అది ఖరీదైనది. కొనే తాహతు లేదని తెలిసి కూడా చాచా దానిని అప్పుడప్పుడు ఆమె చేతికి ఒక గీత రాసేవాడు. చల్లటి నీళ్ళకుండ పక్కన చాప వేసుకుని పడుకున్నట్టుండేది ప్రాణానికి. ఏడాది పాటు గీతలతోనే సరిపెట్టుకుంది. ఆ తర్వాత పెళ్ళిళ్ళ కాలమంతా, మెడ పట్టేసినా, జాకెట్లు కుట్టి కుట్టి, పావు తులం సీసా కొనుక్కుంది. ఆకుపచ్చగా, చిక్కగా, తేనెలాగా మెల్లగా కదిలేది. ఒకసారో రెండుసార్లో రాసుకుందేమో, అంతే. ఇంట్లో అది ఉందన్న తెలివిడే చాలనిపించేది.

మే నెలలో ఒక ఆదివారం భూపాల్ తన మేనేజరును, ఆయన భార్యను భోజనానికి పిలిచాడు. ప్రమోషన్ మాట నడుస్తోంది. చంద్రిక పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే. బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు, డబల్ కా మీఠా. ముందుగదిలో కూలర్ పాత నీళ్ళతో పాచి కంపు కొడుతోందని భూపాల్ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

కూర కలుపుతున్న చంద్రిక చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. మసాలా మీదుగా, ఉడుకు ఆవిరి మీదుగా, వంటింట్లోకి చల్లగా వచ్చింది వాసన. ఎక్కడున్నా గుర్తుపడుతుంది దాన్ని. గరిటె వదిలేసి ముందుగదిలోకి ఉరికింది. మిషన్ సొరుగు తెరిచి ఉంది. భూపాల్ కూలర్ వెనక తడక మీద సీసా బోర్లించి, మిగిలిన చుక్క కోసం అడుగున వేలితో కొడుతున్నాడు.

“ఏం జేసినవయ్యా!”

“అరుస్తవేంది? చూడు, ఎట్ల గుమగుమలాడుతుందో. ఊకె సొరుగుల పడి ఉండుడు కన్న ఇంటికి అక్కరకొచ్చింది గద.”

“అది నాది.”

“నాది నీది ఏంది? ఇంట్ల ఉన్నయన్ని మనయే.”

గేటు చప్పుడైంది. మేనేజరు దంపతులు లోపలికి వచ్చారు. చంద్రిక ఖాళీ సీసా పిడికిట్లో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడుపు రాలేదు.

భోజనాల దగ్గర మేనేజరు గారు, “భూపాల్, టేస్టున్న మనిషివయ్యా, ఏం గాలి, ఏం గాలి!” అన్నాడు. భూపాల్ పొంగిపోయి, “మనం అట్లనే మెయింటెయిన్ చేస్తం సార్,” అన్నాడు. మేనేజరు భార్య నర్మద గారు మాత్రం రెండుసార్లు కూలర్ వైపు చూసింది, ఒకసారి చంద్రిక వైపు చూసింది. “ఇది వట్టివేళ్ళదే గదా? ఎక్కడ దొరుకుతదండీ?” అని ఆమె అడిగీ అడగకముందే భూపాల్ అందుకున్నాడు. “ఇంట్ల ఇంక చాన రకాలున్నయ్ మేడం. పోయేటప్పుడు తీస్కపోండి.”

వెళ్ళేవేళయింది. ఇంటికొచ్చిన ముత్తైదువను బొట్టు పెట్టి, ఒట్టి చేతులతో కాకుండా పంపాలి. అది లక్ష్మీనర్సమ్మకు ప్రాణంతో సమానం. పళ్ళెం తయారు చేసి కోడలి చేతికిచ్చింది. పసుపు, కుంకుమ, తమలపాకులు, రెండు అరటిపళ్ళు, జాకెట్ ముక్క. జాకెట్ ముక్క మీద గంధం సీసా, మల్లె సీసా, మట్టి అత్తరు సీసా.

చంద్రిక పళ్ళెం వైపు చూసింది. ఎవరో దోచుకుపోతే అది వేరు. ఇవి తన చేత్తోనే, బొట్టు పెట్టి, నవ్వుతూ ఇవ్వాలి. ఇచ్చాక అమ్మో అయ్యో అనడానికి కూడా నోరుండదు. భూపాల్ కళ్ళతోనే తొందరపెడుతున్నాడు. ఇన్నేళ్ళుగా జరగమంటే జరిగిన ఒళ్ళు అది, ఇప్పుడు మాత్రం కదలనంది.

నర్మద గారి నుదుట బొట్టు పెట్టింది. పుస్తెలకు పసుపు అద్దింది. పళ్ళెంలోంచి మూడు సీసాలూ ఒక్కొక్కటే తీసి, నడిచి వెళ్ళి మిషన్ సొరుగులో దూది మీద పెట్టి, సొరుగు మూసింది. తిరిగి వచ్చి జాకెట్ ముక్క, పళ్ళు, ఆకులు ఆమె ఒడిలో పెట్టింది.

“అయ్యో, పళ్ళెంల పెట్టింది ఎనకకు తీస్తరా!” లక్ష్మీనర్సమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

“అవి ఇచ్చేటివి కావు మేడం,” అంది చంద్రిక. “జాకెట్లు కుట్టి ఒక్కొక్కటి కొనుక్కున్న. నావి. మీకు కావాల్నంటే నాంపల్లికి రండి, లంచ్ టైముల నేనే తోల్కపోత. మీ చేతికి ఏది నిలుస్తదో మీరే చూసుకోవాలె.”

మేనేజరు చెప్పుల కోసం చూశాడు. నర్మద గారు ఒడిలోని జాకెట్ ముక్కను సర్దుకుంది. “బుధవారం వస్త,” అంది. భర్తను అడగలేదు.

మేనేజరు స్కూటర్ చప్పుడు సందు మలుపు తిరిగేదాకా భూపాల్ ఆగాడు. తర్వాత విరుచుకుపడ్డాడు. “ఇజ్జత్ తీసినవ్ గద! ఆఫ్టరాల్ మూడు సీసాలు! నా ప్రమోషన్ పోతే?”

“పోతే మళ్ళ తెచ్చుకో. నేను గూడ మళ్ళ కొనుక్కుంట. ఈ ఇంట్ల అన్నీ మనయే, ఔ, నువ్వన్నది నిజమే. గా సొరుగు మాత్రం నాది. అడగకుండ ముట్టుకుంటే నేను ఊకోను.”

అతను బయట అరుగు మీదికి వెళ్ళి సిగరెట్ వెలిగించాడు. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నానన్న సంగతి చంద్రికకు అప్పుడు గుర్తొచ్చింది. మేనేజరు కూర్చున్న కుర్చీని లాగి సరిగ్గా కూలర్ ఎదురుగా వేసుకుంది. కూర్చుని కాళ్ళు చాపింది. చెమటతో తడిసిన మెడ మీదికి, మోచేతుల మీదికి, ఏడాదంతా గీతలు గీతలుగా ఆశపడిన గాలి ధారగా వచ్చింది.

“చంద్రికా, సింకు నిండ గిన్నెలున్నయ్,” అని వంటింట్లోంచి లక్ష్మీనర్సమ్మ కేకేసింది.

“ఉండనియ్ అత్తమ్మా,” అంది చంద్రిక కళ్ళు మూసుకుని. “గీ గాలి నా పైసలది. అయిపోయేదాంక నేను లేవ.”