నళినిగారికి ముందే తెలిసిన నొప్పి

ఫోన్ మోగేసరికి వసుమతి, బట్టలారబెట్టే డ్రయ్యర్లోంచి అప్పుడే తెచ్చిన తువ్వాలును చెంపకి ఆనించుకుని మురిసిపోతోంది. పెళ్ళయి అమెరికాలో ఈ పిస్కాటవే ఊరికి వచ్చి మూడు నెలలైనా ఆ వెచ్చదనం మీద మోజు తీరలేదు.

"గుడ్ న్యూస్, వసుమతీ!" అవతల డాక్టర్ నళిని. "అల్ట్రాసౌండ్ రిపోర్ట్ వచ్చింది. కాన్సర్ కాదు. దామోదర్‌కి చెప్పెయ్, పాపం హడలిపోతున్నాడు."

"ఏమిటి కాన్సర్ కాదు?"

"అయ్యో, నీకు చెప్పలేదా?"

చల్లని కబురే. అయినా వసుమతికి ఒళ్ళు మండిపోయింది. మొగుడి భయం ఊళ్ళో డాక్టరమ్మకి తెలుసు, కట్టుకున్నదానికి తెలీదు! పోయినవారం, తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులో, దామోదరూ నళినీ బాల్కనీలో గుసగుసలాడినప్పుడే వసుమతికి అసూయ రాజుకుంది. ఇప్పుడు నళిని కత్తిరింపు జుట్టూ, చక్కటి ఇంగ్లీషూ, చివరికి ఆవిడ చేసిన పులిహోరా కూడా గిట్టడం మానేశాయి.

సాయంత్రం దామోదర్ రాగానే, "మీ నళినిగారు ఫోన్ చేశారు. కాన్సర్ కాదట," అంది, 'మీ'ని బాగా సాగదీసి.

అతను కుర్చీలో ఓ పక్కకి ఒరిగి మెల్లగా కూర్చున్నాడు. కళ్ళు చెమర్చాయి.

"అయితే క్రానిక్ ఎపిడిడిమైటిసే అన్నమాట. వృషణం వెనకాల నాళానికి వాపు. పెళ్ళికి ముందునుంచీ సలుపుతోంది. యాంటీబయాటిక్స్ వాడినా పోలేదు."

"ఆవిడకి చెప్పడానికి లేని సిగ్గు నా దగ్గరొచ్చిందా?"

"ఆవిడ డాక్టర్ కదే, వసూ!"

"నేను బీయెస్సీ జువాలజీ! కప్పకి ఎక్కడేముందో గీసి ఫస్ట్‌క్లాస్ తెచ్చుకున్నాను. మీకెక్కడుందో తెలుసుకోలేనా?"

దామోదర్ పగలబడి నవ్వాడు. నవ్వుకి నొప్పెట్టి మొహం చిట్లించాడు. ఆ చిట్లింపు ఆమెకి పాతదే. తను ఒళ్ళో వాలినప్పుడల్లా అలాగే చిట్లించి, టీ పెడతానంటూ లేచిపోయేవాడు. తనంటే ఇష్టం లేదేమోనని బాత్‌రూమ్‌లో ఎంత ఏడ్చింది!

"ఆవిడకి తెలిసినవన్నీ చెప్పండి. ఒక్కటీ దాచకండి."

చెప్పాడు. పూర్తిగా పోతుందని లేదట; వస్తూ పోతూ ఉంటుందట. బిగుతైన లోదుస్తులు వేసుకోవాలి, ఐసు పెట్టుకోవాలి, గంటల తరబడి కూర్చోకూడదు, బరువులెత్తకూడదు. ఆమెకి అంటుకునేది కాదట.

వసుమతి ఫ్రీజర్లోని బఠాణీల పాకెట్టుని పల్చటి గుడ్డలో చుట్టి అతని చేతికిచ్చింది. ఇది మాత్రం నళిని చెయ్యలేదు కదా!

అంతలో మళ్ళీ ఫోన్. జగన్మోహన్. దామోదర్‌తో కలిసి పనిచేస్తాడు, ఫోన్లో మాట్లాడినా గొంతు గదంతా వినపడుతుంది. "చెల్లెమ్మా, రేపే మేం అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తున్నాం. మీ ఆయన్ని పంపు, సోఫా ఎత్తాలి."

ఎవరు ఇల్లు మారినా తెలుగు మగవాళ్ళందరూ వెళ్ళి ఓ చెయ్యి వెయ్యవలసిందే. రానన్నవాడు కారణం చెప్పాలి. దామోదర్ కంగారుగా, వస్తానని చెప్పమని చేత్తో సైగ చేశాడు.

"ఆయన బరువులెత్తకూడదు, అన్నయ్యగారూ."

"అరె, ఏమైంది?"

దామోదర్ మొహం పాలిపోయింది.

"అది నాకు తెలుసు, చాలు," అంది వసుమతి. ఆ మాట అంటుంటే ఎంత హాయిగా ఉందో! "రేపు ఎనిమిదింటికి ఆయన బదులు నేనొస్తాను. సోఫా ఒకవైపు నేను పడతాను. రెండోవైపు నళినిగారిని పట్టమనండి."