బాబ్జీ నాణేల స్టూళ్లు

వాకిట్లో కారు ఆగింది. అందులోంచి బాబ్జీ బావగారు దిగాడు.

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే వేణుగోపాల్, బాబ్జీ భార్య సాయిలక్ష్మికి స్వయానా అన్న. బాబ్జీని తన దగ్గర గుమస్తాగా పెట్టుకుని బాగుచేయాలని ఆయన పట్టుదల. పొద్దస్తమానం ఆయన చేత బాగుపడటం కంటే చీమకుర్తి క్వారీలో బండలు మోయడం నయమని బాబ్జీ అభిప్రాయం.

గడువు ఈ రోజే. ఒంగోలు ఫర్నిచర్ షోరూం రోశయ్య సరుకు తీసుకుంటే బాబ్జీ దారి బాబ్జీది. తీసుకోకపోతే పెట్టె సర్దుకుని కారెక్కాలి.

సరుకంటే నాణేల స్టూళ్లు. కటింగ్ యూనిట్లు పారేసిన గ్రానైట్ ముక్కల్ని గుండ్రంగా కోయించి, పైన చెలామణీ పోయిన నాణేలు పరిచి, గాజులా గట్టిపడే రెజిన్ పోసి, ఇనప కాళ్లు బిగిస్తాడు బాబ్జీ. చిల్లుకానీలు, అంచు వంకీల పది పైసలు, తామరపువ్వున్న ఇరవై పైసల ఇత్తడి బిళ్లలు నీళ్లలో తేలుతున్నట్టు మెరుస్తాయి. సిమెంటు బస్తాలు పేర్చి పరీక్షించాడు. గీత కూడా పడలేదు. ఒక్క పరీక్ష మాత్రం మిగిలిపోయింది. ఇంతవరకూ వాటి మీద మనిషి కూర్చోలేదు.

రోశయ్య వచ్చాడు. స్టూలు చుట్టూ తిరిగాడు. ముఖం వెలిగిపోయింది.

"అబ్బబ్బా! ఈ బిళ్ల పెట్టి చిన్నప్పుడు పీచుమిఠాయి కొనుక్కునేవాణ్ణయ్యా!"

సగం పని అయిపోయిందనుకున్నాడు బాబ్జీ. "కూర్చుని చూడండి సార్."

రోశయ్య ప్యాంటు కాస్త పైకి లాక్కుని వెనక్కి తిరిగాడు. వంగాడు. ఇంకో జానెడు దిగితే బేరం ఖాయం. అక్కడ ఆగిపోయాడు. చటుక్కున లేచి, స్టూలును వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు.

"లక్ష్మీదేవి కదయ్యా. ఎట్టా కూచోమంటావ్?"

"చెల్లని డబ్బులు సార్ అవి!"

"చెల్లకపోతే లక్ష్మి కాకుండా పోద్దేరా?" వంటింట్లోంచి బాబ్జీ తల్లి అంకమ్మ గొంతు ఖంగుమంది. "నిన్న ఊడుస్తంటే కాలు తగిలింది. లెంపలేసుకోలేక చచ్చా."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అమ్మా!"

"షోకేసులో పెట్టుకోటానికి చేశావనుకున్నా. కూచోటానికని ఎవరనుకుంటారా?"

ప్లాస్టిక్ కుర్చీలో జారబడి మజ్జిగ తాగుతున్న వేణుగోపాల్ గ్లాసు కింద పెట్టాడు. "ఆయన్నెందుకు ఇబ్బంది పెట్టడం? నువ్వు కూర్చో బావా. నిన్ను చూసి ఆయనా కూర్చుంటారు."

బాబ్జీ తయారయ్యాడు. ఇది రాయి, ఇది జిగురు, ఇది నా చేత్తో చేసిందే అని మనసుకు చెప్పుకున్నాడు. కళ్లు మూసుకుని దిగాడు. రెజిన్ చల్లదనం ప్యాంటుకు తగిలింది. అంతే, కరెంటు షాకు కొట్టినట్టు ఎగిరి నిలబడ్డాడు. అతని ప్రమేయం లేకుండానే చెయ్యి స్టూలు మీదికీ, అక్కణ్ణించి కళ్లకీ పోయింది.

తలుపు వెనక సాయిలక్ష్మి కిసుక్కున నవ్వి, అన్నను చూసి నోరు మూసుకుంది.

"పనితనం గొప్పదే," అన్నాడు రోశయ్య చెప్పులేసుకుంటూ. "కానీ ఎవరూ కూచోని స్టూళ్లతో నేనేం యాపారం చేసేది?"

ఆయన బండి మలుపు తిరిగిందో లేదో వేణుగోపాల్ లేచాడు. "చెల్లాయ్, మీ ఆయన పెట్టె సర్దు."

సాయిలక్ష్మి పెట్టె తెచ్చింది. బాబ్జీ చొక్కాలు ఒక్కొక్కటే అందులో వేస్తున్నాడు. ఇంతలో వేణుగోపాల్ ఫోను మోగింది.

"ఏందీ, అప్పుడే వచ్చి కూచున్నారా? ఏసీ కట్టెయ్! ... కట్టేసినా లేవట్లేదా?" ఫోను జేబులో పడేసి నిట్టూర్చాడు. "నాది ఆఫీసు కాదు బావా, బస్టాండు. మిర్చి రేటు కనుక్కోటానికని రైతులొస్తారు. టీలు, రాజకీయాలు, కునుకులు అన్నీ అక్కడే. లేవమంటే కోపమొచ్చి సరుకు ఇంకో కోల్డ్ స్టోరేజీకి మళ్లిస్తారు. పోనీ కుర్చీలు తీసేద్దామంటే మర్యాదగా ఉండదు..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన చూపు స్టూలు మీద పడింది. దగ్గరికి నడిచాడు. నెమ్మదిగా చుట్టూ తిరిగాడు.

"బావా, దీని మీద ఎవరూ కూచోరంటావా?"

"ఎందుకు కూచోరండీ, అలవాటైతే..." అలవాటుగా సరుకును సమర్థించబోయిన బాబ్జీని సాయిలక్ష్మి నడుం దగ్గర గట్టిగా గిల్లింది. అప్పటికి వెలిగింది అతనికి.

"చచ్చినా కూచోరు బావగారూ! నేనే కూచోలేకపోయా."

"కుర్చీలన్నీ తీసేసి ఇవే వేస్తా. చూడ్డానికి మర్యాదగా ఉంటది. నిలబడి మాట్లాడతారు, నిలబడే పోతారు. డజను చెయ్."

"మరి గుంటూరు..."

"నువ్వొచ్చి అక్కడ కూచుంటే ఇవెవడు చేస్తాడు?"

ఆయన మనసు మారేలోపు బాబ్జీ చొక్కాలన్నీ పెట్టెలోంచి బీరువాలోకి చేర్చేశాడు.

శాంపిలుకని ఒక స్టూలు కారు దాకా మోసుకెళ్లాడు. డిక్కీ తీసిన వేణుగోపాల్ లోపలి పాత టైరునీ, బురద చెప్పుల్నీ చూసి తటపటాయించాడు. డిక్కీ మూసేసి ముందు తలుపు తీశాడు. బాబ్జీ కోసం ఖాళీగా ఉంచిన సీట్లో స్టూలును జాగ్రత్తగా కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, ఏసీ గాలి దానివైపు తిప్పాడు.