వీరవేణి కళ్ళు

బతికున్నంతకాలం ఫోటో దిగకుండా పోయేవాళ్ళు మా వైపు ఒకప్పుడు చాలామంది ఉండేవారు. అలాంటివాళ్ళని ప్రాణం పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, మెడ వాలిపోకుండా వెనక నుంచి ఒకరు పట్టుకుని, ఫోటో తీయించేవారు. ఆ ఫోటో నా దగ్గరికి వచ్చేది. దాన్ని పెద్దది చేసి, రంగులు వేసి, మూసి ఉన్న కళ్ళు తెరిపించడం నా పని. సినిమా బ్యానర్లు రాసే రోజుల్లో కూడా మా ఇంట్లో పొయ్యి వెలిగించింది ఈ కళ్ళ పనే.

లేని కళ్ళు ఊహించి వేస్తే మొహానికి అతకవు. అందుకని ఆ ఇంట్లో రక్తసంబంధం ఉన్న మనిషిని, పోలిక ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ కళ్ళు చూసి వేసేవాణ్ణి. పటం పూర్తయ్యాక, గీసుకున్న చిత్తుకాగితం చింపి గోదావరిలో కలిపేసేవాణ్ణి. మా గురువుగారు అలాగే చేసేవారు. బతికున్నవాళ్ళ కళ్ళు పోయినవాళ్ళ మొహంలో ఒక్కచోటే ఉండాలి, రెండోచోట ఉండకూడదు అనేవారు. నమ్మకమో భయమో నాకు తెలియదు. చింపడం మాత్రం ఎప్పుడూ మానలేదు.

ఫ్లెక్సీలు వచ్చి బ్యానర్లని ఊడ్చిపెట్టేశాక నేను ఉదయభాస్కర్ దగ్గర చేరాను. అతను హైదరాబాదులో యానిమేషన్ నేర్చుకుని వచ్చి, రాజమండ్రి దానవాయిపేటలో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. రెండు కంప్యూటర్లు, ఒక స్కానరు, అతను, అతని భార్య దుర్గాశ్రీ, నేను. అదే స్టూడియో. హైదరాబాదులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి మాకు పని పంపేది. వాళ్ళ ఆటల్లోకి చెట్లు, పాడుబడ్డ కోటలు, రాక్షసుల మొహాలు నేను చేత్తో గీస్తే, అతను వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి కదిలించేవాడు. ఆట మీద ఎవరెవరి పేర్లో వేసుకునేవారు. మా పేర్లు ఉండేవి కావు. మిగతా రోజుల్లో పెళ్ళి ఆల్బమ్‌లు, శుభలేఖలు.

పుష్కరాలు అయిన కొన్నాళ్ళకి మా వీధి బుల్లెమ్మ పెద్దకూతురు వీరవేణి పచ్చకామెర్లతో పోయింది. బతికుండగా దిగిన ఫోటో లేదు. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, గోడకి ఆనించి తీసిన ఒక్క ఫోటో పట్టుకుని బుల్లెమ్మ నా దగ్గరికి వచ్చింది. చెల్లెలు సూర్యకళని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. పెద్ద కళ్ళు ఆ పిల్లవి. ఏడ్చి ఏడ్చి ఉన్నా నిండుగా ఉన్నాయి. ఉదయభాస్కర్ చూసి, "అంత శ్రమెందుకండీ అప్పాజీ గారూ, మొహం ఒకటి, కళ్ళు ఒకటి స్కాన్ చేసేసి కలిపేద్దాం. ప్రింటు తీసి ఫ్రేము కట్టించెయ్యండి" అన్నాడు. అలాగే చేశాం. పటం బాగా వచ్చింది. చిత్తుకాగితం ఎప్పటిలాగే చింపి గోదావరిలో వేసి వచ్చాను. కంప్యూటర్లో దాని నకలు ఉండిపోతుందన్న సంగతి నాకు తట్టలేదు. చెప్పాల్సినవాడు చెప్పలేదు.

మరుసటి వేసవిలో నాగేశ్వరప్రసాద్ అనే ఎగ్జిబిషన్ కాంట్రాక్టరు స్టూడియోకి వచ్చాడు. దెయ్యాల గుహ కావాలన్నాడు. అట్టముక్కల అస్థిపంజరాలు చూసి జనం నవ్విపోతున్నారని, ఈసారి లోపలికి వెళ్ళినవాడు ఒళ్ళు జలదరించి బయటికి రావాలని చెప్పాడు.

ఉదయభాస్కర్ ఆ పని ప్రాణం పెట్టి చేశాడు. నల్ల గుడ్డలతో వంకరటింకర దారి కట్టించాడు. కాళ్ళకింద తడి గోనెసంచులు పరిపించాడు. నీటిబొట్లు పడే చప్పుడు, ఎక్కడో ఆడమనిషి మూలుగు దుర్గాశ్రీ గొంతుతో రికార్డు చేశాడు. దారి చివర పల్చటి తెర, దాని వెనక ప్రొజెక్టరు. తెర ముందు నేలమీద ఒక చెక్క, దానికింద విప్పిన కంప్యూటర్ మౌసు. చెక్క మీద కాలు పడితే బొమ్మ కదులుతుంది. గుహ గోడలన్నీ నేనే రాశాను. చివరి బొమ్మ మాత్రం తానే చూసుకుంటానన్నాడు.

మొదటి సాయంత్రం అందరితోపాటు నేనూ లోపలికి వెళ్ళాను. చివరి మలుపు తిరిగేసరికి తెరమీద కుర్చీలో కూర్చుని వీరవేణి కనిపించింది. కళ్ళు మూసుకుని ఉంది. నా ముందున్న మనిషి చెక్క మీద కాలు వేశాడు. కళ్ళు తెరిచింది.

పటంలో కళ్ళు ఎటు నడిస్తే అటు చూసేలా వేయడం నాకు అలవాటు. ఇంట్లో ఏ మూల ఉన్నా పోయినవాళ్ళు తమని చూస్తున్నట్టు ఉండాలని అందరూ అడుగుతారు. ఇక్కడా ఆ కళ్ళు అలాగే చూశాయి. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. వెనకవాళ్ళు ముందువాళ్ళని తోసుకుంటూ బయటపడ్డారు. బయటికి రాగానే నవ్వుకుంటూ మళ్ళీ టిక్కెట్ల దగ్గరికి పోయారు.

ఉదయభాస్కర్‌ని పక్కకి పిలిచాను.

"ఆ పిల్ల ఎవరో తెలుసా నీకు?"

"ఫైల్లో ఉందండి. కళ్ళు మూసిందీ, తెరిచిందీ రెండూ రెడీగా ఉన్నాయి. కొత్తది చెయ్యడానికి టైమేదండీ?"

"చచ్చిపోయిన పిల్లయ్యా!"

"అందుకేనండి అంత బాగా వచ్చింది" అన్నాడు. అనేశాక తనకే ఎలాగో అనిపించినట్టుంది, తలొంచుకున్నాడు. "చీకట్లో అర నిమిషం కనబడుతుంది. ఎవరు గుర్తుపడతారు చెప్పండి?"

గుర్తుపట్టారు. కాకపోతే పోయిన పిల్లని కాదు.

సూర్యకళ మెయిన్ రోడ్డులో గణేష్‌బాబు గారి బట్టల కొట్లో పెళ్ళిచీరల కౌంటర్ దగ్గర పనిచేసేది. పెళ్ళిబట్టలకి వచ్చినవాళ్ళకి మొదటి చీర మడత ఎవరు విప్పారన్నది ఆ కొట్లో పెద్ద పట్టింపు. సూర్యకళ చెయ్యి మంచిదని పేరు. అడిగి మరీ ఆమె ఎదురుగా కూర్చునేవారు. ఆ పేరు మీదే ఆ ఇల్లు గడుస్తోంది. బుల్లెమ్మ గోదావరి గట్టు మీద మరమరాల పిడత కింద పప్పు అమ్మేది గాని, మోకాళ్ళు పట్టేసి ఆ పని ఎప్పుడో మానేసింది.

ఎగ్జిబిషన్ మొదలైన వారంలోనే సూర్యకళ మధ్యాహ్నం అన్నం వేళకి మా స్టూడియో మెట్లెక్కి వచ్చింది.

"బాబాయ్, గుహలో ఉన్నది అక్కేనా?"

చేతిలో కుంచె కింద పెట్టి తలూపాను.

"నాకు అక్క అని ఎవరూ చెప్పలేదు. నేనని చెప్పారు" అంది. "ధవళేశ్వరం నుంచి పెళ్ళివారొచ్చారు. ముహూర్తం చీర విప్పబోతున్నాను. వాళ్ళ పిల్ల నన్ను చూసి 'అమ్మా దెయ్యం' అని కెవ్వుమంది. ముందు అందరూ నవ్వారు. తర్వాత పెళ్ళికూతురి తల్లి నా మొహంలోకి అదేపనిగా చూసింది. చూసి లేచిపోయింది."

"గణేష్‌బాబు గారేమన్నారు?"

"ఏమీ అన్లేదు. ఇవాళ పొద్దున్న తువ్వాళ్ళ దగ్గర నిలబెట్టారు. 'జనం మర్చిపోయేదాకా అమ్మా' అన్నారు. ఆ బొమ్మ అక్కడుంటే ఎలా మర్చిపోతారు బాబాయ్? తీయించెయ్యి. తీయించేస్తే నా కౌంటర్ నాకొస్తుంది."

ఉదయభాస్కర్ లేచి నిలబడి, "సారీ అమ్మా, నేను మాట్లాడతాను" అన్నాడు. నన్ను వెంటపెట్టుకుని నాగేశ్వరప్రసాద్ దగ్గరికి వెళ్ళాడు. నాగేశ్వరప్రసాద్ గుహ ముందు కుర్చీ వేసుకుని చెరుకురసం తాగుతున్నాడు.

"జెయింట్ వీల్ ఎక్కే నాథుడు లేడు. మోటార్ సైకిల్ బావి దగ్గర ఈగలు తోలుకుంటున్నారు. జనం మొత్తం ఆ పిల్ల కోసమే వస్తున్నారు. ఆ పిల్లని తీసెయ్యమంటారా? ఏవండీ అప్పాజీ గారూ, మీకేమన్నా దయా దాక్షిణ్యం ఉందా?" అన్నాడు.

"ఇంకో పిల్ల పొట్ట కొడుతున్నామండీ" అన్నాను.

"అయితే కళ్ళు మార్చుకోండి. మనిషి మాత్రం ఉండాలి."

ఎవరి కళ్ళని అడిగి తెస్తాను? అద్దం ముందు పెట్టుకుని నా కళ్ళే వేశాను. నాకు రక్తసంబంధం లేని పిల్ల మొహంలో నా ముసలి కళ్ళు. ఆ సాయంత్రం ఆ కళ్ళు తెరుచుకోగానే గుహలో నవ్వులు. "ఎవర్రా ఈవిడ? నిద్రలేచి కాఫీ అడిగేలా ఉంది!" అన్నాడు ఒక కుర్రాడు. నాగేశ్వరప్రసాద్ ఆ మాట విన్నాడు. "పాత కళ్ళు పెట్టు" అన్నాడు. ఉదయభాస్కర్ మంచివాడే. మంచివాళ్ళు ఏం చేస్తారో అదే చేశాడు. నా వంక చూడకుండా పాత కళ్ళు పెట్టేశాడు.

తర్వాత కుర్రాళ్ళు కొట్టుకి రావడం మొదలుపెట్టారు. తువ్వాలు చూపించమనడం, "మేడమ్, ఒక్కసారి కళ్ళు మూసి తెరవండి" అనడం. ఒకడు ఫోన్లో మూలుగు రికార్డు చేసుకుని వచ్చి ఆమె ముందు మోగించాడట. ఆ గొంతు దుర్గాశ్రీది. పెళ్ళివారు రోడ్డు దాటి ఎదుటి కొట్లోకి వెళ్ళిపోతున్నారు. గణేష్‌బాబు చివరికి సూర్యకళని పిలిచి, "నీ తప్పేం లేదమ్మా. నాది శుభకార్యాల మీద బతికే కొట్టు" అని చెప్పి పంపేశాడు. వెళ్ళేటప్పుడు ఒక చీర కూడా పెట్టాడట. తీసుకోలేదు.

ఆమె ఇంటికి వెళ్ళలేదు. అక్కడి నుంచే నేరుగా ఎగ్జిబిషన్‌కి వచ్చింది. గుహ గోడమీద రంగు ఊడిపోతే అద్దుతూ నేను అక్కడే ఉన్నాను. వరుసలో నిలబడ్డవాళ్ళు ఆమెని చూశారు. ఎవరూ చెప్పకుండానే పక్కకి జరిగి దారి ఇచ్చారు. చంకలో బిడ్డ ఉన్న ఒకామె బిడ్డ మొహం పమిటతో కప్పేసింది.

నాగేశ్వరప్రసాద్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆమె మొహం చూడటం లేదు అతను. వరుస వంక చూస్తున్నాడు.

"మా అక్కని తీసెయ్యండి" అంది సూర్యకళ.

"చూడమ్మా, ఇప్పటికే వీళ్ళకి చెప్పాను..."

"తీసేస్తే నేను కూర్చుంటాను."

"ఎక్కడ?"

"అక్క ఉన్నచోట. తెర తీసేసి కుర్చీ వేయండి. కళ్ళు మూసుకుంటాను. మనిషి రాగానే తెరుస్తాను. ఆట ఉన్నన్నాళ్ళూ ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తాను. బొమ్మ మాత్రం ఉండకూడదు."

నాగేశ్వరప్రసాద్ వరుస వంక ఇంకోసారి చూసి, "మనిషే నయం. కరెంటు పోయినా పనిచేస్తుంది" అన్నాడు. అని నవ్వాడు. ఉదయభాస్కర్ నవ్వలేదు, ఆ మాట తప్పని కూడా అనలేదు.

నేను చేతిలో కుంచె పారేసి వెళ్ళాను. "వద్దమ్మా. నా మాట విను. ఇంకో ఊళ్ళో కొట్టు చూద్దాం. కాకినాడలో నాకు తెలిసినవాళ్ళున్నారు."

"కాకినాడ వాళ్ళు ఎగ్జిబిషన్‌కి రారా బాబాయ్?" అంది. "నన్ను చూసి ఎలాగూ భయపడుతున్నారు. నేనిక్కడ కూర్చుంటే అక్కైనా ఇంటికొస్తుంది."

మర్నాడు స్టూడియోలో ఆమె ఎదురుగా ఉదయభాస్కర్ ఆ బొమ్మలు చెరిపేశాడు. "ఇదిగో చూడమ్మా, రెండూ తీసేశాను. ఇంక లేవు" అన్నాడు. ఆమె ఖాళీ అయిన తెరని చాలాసేపు చూసింది. నేను కిందికి దిగుతుంటే దుర్గాశ్రీ మెట్ల మీద ఆపింది.

"అప్పాజీ గారూ, మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నానండి. భీమవరంలో ఇంకో గుహ పెడతానని నాగేశ్వరప్రసాద్ గారు పోయిన వారమే ఆ బొమ్మల సీడీ పట్టికెళ్ళిపోయారు. అడిగితే ఇవ్వరట. ఈయన ఎవరికీ చెప్పద్దన్నారు."

"మూలుగు కూడా వెళ్ళిందా అమ్మా?"

"వెళ్ళిందండి" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

సాయంత్రం నేను బయల్దేరుతుంటే బుల్లెమ్మ కర్ర పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"దాని మొహానికి ఆ తెల్లటిది నువ్వే పూస్తావంట కదా తమ్ముడూ?"

"అవునక్కా."

"కళ్ళల్లో పడకుండా చూడు. దానికి చిన్నప్పటి నుంచీ కళ్ళు తొందరగా మండుతాయి."

నాటకాలవాళ్ళు వాడే జింకు పొడి కొబ్బరినూనెలో కలిపి పూశాను. బుగ్గలు లోపలికి పోయినట్టు బూడిదరంగు అద్దాను. పెదాలకి నీలం. మూసిన కళ్ళ చుట్టూ నల్లటి వలయాలు. చచ్చిన మొహాలకి బతుకు రంగు వేసీ వేసీ అలవాటైన చెయ్యి, ఆ రోజు పని చెయ్యనని మొండికేసింది. అయినా చేయించాను. నేను పూయకపోతే నాగేశ్వరప్రసాద్ మనుషులు పూస్తారు. వాళ్ళు కళ్ళ సంగతి చూడరు.

తెర తీసేసిన చోట కుర్చీలో కూర్చుంది. మొదటి గుంపు వచ్చింది. చెక్క కిర్రుమంది. ఆమె కళ్ళు తెరిచింది. బొమ్మ ఉన్నప్పుడు పెట్టిన కేకలు వేరు, ఇవి వేరు. ఒక పెద్దాయన వెనక్కి తిరిగి గుడ్డలు చించుకుంటూ పరుగెత్తాడు. ఒక కుర్రాడు భయం దాచుకోవడానికి ఆమె మీద నీళ్ళ సీసా విసిరాడు. అది భుజానికి తగిలింది. ఆమె కదల్లేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక నేను పక్కనుంచి వచ్చి, భుజం మీద తడి తుడిచి, చెదిరిన తెలుపు సరిదిద్దాను.

"బాబాయ్" అంది మెల్లగా. "అక్క బొమ్మ ఇంకెక్కడా లేదుగా?"

దారి మొదట్లో తడి గోనెసంచుల మీద అడుగుల చప్పుడు మొదలైంది.

"లేదమ్మా" అన్నాను. "కళ్ళు మూసుకో. జనం వస్తున్నారు."