ఎడమచేతి అంటుకత్తి

నేను ఒక అంటుకత్తిని. మామిడికో గులాబీకో అంటు కట్టేటప్పుడు పుల్ల చెక్కడానికి వాడే మడతకత్తిని. నా పని రెండు క్షణాలది. అది మంచిగా చేశానో చెడ్డగా చేశానో తెలియడానికి మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలూ నన్ను మడిచి పెడతారు. కోసేది నేను, ఫలితం చూసేది వేరేవాళ్లు. అందుకే నా బతుకులో కంగారు పాలు ఎక్కువ.

పుట్టింది జర్మనీలో, వాగు పక్కన ఏడుగురు పనిచేసే ఒక చిన్న కొలిమిలో. మా దేశం నుంచి వచ్చే అంటుకత్తుల్లో బాగా పేరున్నది ఒకటుంది. నర్సరీలవాళ్లందరికీ దాని పేరు నోటికి వచ్చు. నేను అది కాను. మా కొలిమివాళ్లు ఎక్కడా ప్రకటనలు ఇవ్వరు. కోసే భాగమైన నా అలుగు మొదట్లో చిన్న ఆకు గుర్తు తప్ప ఒక్క అక్షరం లేదు. పనిలో మాత్రం లోటు చేయలేదు. ఉక్కును ఎర్రగా కాల్చి నూనెలో ముంచారు. పెళుసు పోవడానికి మళ్లీ సన్నటి సెగ చూపించారు. చివర్లో ఒక పెద్దావిడ నాతో పల్చటి కాగితం కోసి చూసింది. అంచు కాగితానికి కొంచెం తట్టుకుంటే చాలు, వెనక్కి పంపేస్తుంది. నన్ను రెండుసార్లు పంపింది. మూడోసారి ఏమీ అనకుండా పెట్టెలో పెట్టింది. అదే మెచ్చుకోలు అని పక్క కత్తులు చెప్పాయి.

ఒక సంగతి ముందే చెప్పాలి. నా అంచుకు ఒక వైపే వాలు ఉంటుంది. రెండో వైపు అద్దంలా చదును. ఆ చదును పుల్లకు ఆనుకుని జారితే కోత పలకలా వస్తుంది. కుడిచేతివాళ్ల కత్తికి వాలు ఒక వైపు, ఎడమచేతివాళ్ల కత్తికి రెండో వైపు. నేను ఎడమచేతివాళ్ల కోసం పుట్టాను. ఆ మాట నా ఒంటి మీద ఎక్కడా రాసి లేదు.

నన్ను మొదట కొన్నది గులాబీలు పెంచే ఒక జర్మనీ పెద్దమనిషి. ఆయనది ఎడమచేయి. తోటలు చూడటానికి కడియం వైపు వచ్చినప్పుడు, వీరభద్రం గారి నర్సరీలో కొబ్బరి నీళ్లు తాగి, సంతోషం పట్టలేక జేబులోంచి నన్ను తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఎడమచేత్తోనే పెట్టాడు. వీరభద్రం గారు ఆ చేతిని చూసి కాస్త ఇబ్బంది పడ్డారు గాని, ఎందుకో ఆలోచించలేదు.

వీరభద్రం గారు నన్ను అంట్ల మేస్త్రి తాతబ్బాయికి ఇచ్చారు. ముప్పయ్యేళ్లుగా ఆ నర్సరీలో ఏ అంటు బతకాలన్నా ఆయన చేతి మీదుగానే. ఆయన నన్ను కుడిచేత్తో పట్టుకుని మామిడి పుల్ల చెక్కాడు. నా వాలు వైపు పుల్లకు ఆనింది. కోత చెంచాలా గుంట పడింది. ఇంకోటి చెక్కాడు. అదీ అంతే.

"ఇదేం కత్తండీ బాబూ! వంకర కత్తి. పేరూ లేదు, ఊరూ లేదు. జర్మనీదని చెప్పి చైనాది అంటగట్టేసుంటాడండి."

"అంత దూరం నుంచి తెచ్చాడు కదయ్యా."

"దూరం నుంచొచ్చిందల్లా మంచిదైతే, మిడతల దండుకి హారతివ్వాలండి."

నేను వంకర కాదని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆ తర్వాత రెండేళ్లు ఆఫీసు సొరుగులో పడి ఉన్నాను. కొరియర్ కవర్లు చింపాను. నిమ్మకాయలు కోశాను. నిమ్మరసం ఉక్కుకు ఎంత చెడ్డదో ఎవరికీ పట్టలేదు. తుప్పు పట్టి పోతానేమో అన్న దిగులు ఒకటి, తుప్పు పట్టకుండా ఇలాగే కలకాలం కవర్లు చింపాలేమో అన్న దిగులు ఇంకొకటి.

ఒకరోజు పురికొస తెంపడానికి కత్తి కావాలంటే, పనికిరానిదే కదా అని నన్ను నూకరత్నానికి ఇచ్చారు. ఆవిడ పని సంచుల్లో మట్టి నింపడం. నలభై దాటిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆవిడ నన్ను అందుకోగానే నా పిడి సరిగ్గా కూర్చుంది. ఆవిడది ఎడమచేతివాటం.

మధ్యాహ్నం అన్నాల వేళ, మేస్త్రి పారేసిన పుల్లలు ఏరుకుని చెక్కడం మొదలుపెట్టింది. మొదటి కోతకే ఆగిపోయింది. పుల్ల కోసిన వైపును పైకెత్తి వెలుతురులో చూసింది. గాజు పలకలా ఉంది. పక్కనున్న పెద్దింట్లమ్మను పిలిచి, "ఇదిగో వదినా, ఇలా చూడు. వంకర కత్తిలోనా ఉంది, పట్టే చేతిలోనా ఉంది?" అంది. నా జన్మలో నన్ను గురించి ఎవరైనా న్యాయంగా మాట్లాడటం అదే మొదలు.

ఆరు నెలలు ఆవిడ అలా పారేసిన పుల్లలనే చేయి తిరిగేదాకా చెక్కింది. వారానికోసారి నా చదును వైపును రాయి మీద పూర్తిగా పరిచి, నెమ్మదిగా రుద్దేది. తర్వాత ఒకరోజు వీరభద్రం గారి ముందు నిలబడింది.

"నన్ను అంట్ల బల్ల దగ్గర కూచోనివ్వండి బాబుగారూ."

తాతబ్బాయి నవ్వాడు. "ఎడంచేత్తో కట్టిన అంటు బతుకుద్దేటమ్మా? మొక్కకి మంచీ చెడ్డా ఉండొద్దూ?"

"మొక్కకేం తెలుసు మేస్త్రీ, ఏ చెయ్యో?"

అదే వారం కాలువ లాకుల దగ్గర పాత మామిడిచెట్టు ఒకటి వంతెన పనికి అడ్డమని కొట్టేశారు. శ్రావణంలో గాని పండని చెట్టు, అలాంటిది ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. కూలిన చెట్టు నుంచి పుల్లలు తెచ్చారు. మంచివి మేస్త్రి ఏరుకున్నాడు. సన్నగా ఉన్నాయని పది పక్కన పడేశాడు. వీరభద్రం గారు ఆ పదీ చూపించి అన్నారు: "ఇవి నువ్వు కట్టు రత్నం. పదిలో ఆరు బతికితే బల్ల దగ్గర కూర్చో. బతక్కపోతే ఇంకెప్పుడూ అడక్కు." మర్నాడు పొద్దున్నే కట్టాలి. పుల్లలు ఆగవు. పోతే మళ్లీ తెద్దామన్నా చెట్టు లేదు.

ఆ సాయంత్రం నూకరత్నం పొయ్యి దగ్గర ఉండగా, అదే నర్సరీలో మొక్కలు మోసే ఆవిడ భర్త సూరిబాబు నన్ను జేబులో వేసుకుని వీధిలోకి వెళ్లాడు. పాపం, చెడ్డ బుద్ధి లేదు. పెళ్లానికి రేపు పెద్ద పరీక్ష, కత్తి పదునుగా ఉండాలని అతని ఆరాటం. సైకిల్ మీద సాన పట్టేవాడు నన్ను తిప్పి చూశాడు.

"ఇదేటండీ, ఒక పక్కే నూరి వదిలేశారు? అదీ తప్పు పక్క."

"అయితే సరిచేసెయ్యి బాబూ."

"రెండో పక్క ఊరికే పట్టేస్తాను లెండి."

వద్దు అని అరిచాననే అనుకున్నాను. బయటికి వచ్చింది నిప్పురవ్వలే. ఏడుగురు మనుషులు, ఒక పెద్దావిడ కలిసి కాపాడిన చదును అయిదు నిమిషాల్లో పోయింది. మనుషుల కోపం కన్నా నాకు వాళ్ల మంచితనమంటేనే భయం. కోపం వచ్చినవాడు కత్తిని విసిరేస్తాడు. మంచివాడు సాన పట్టిస్తాడు.

పొద్దున నర్సరీలో నూకరత్నం వేపపుల్ల మీద నన్ను చూసుకుంది. కోత ఉబ్బుగా వచ్చింది. ట్రాలీ మీద మొక్కలు ఎక్కిస్తున్న మొగుడి వైపు తిరిగింది.

"దీన్నేం చేశావయ్యా?"

"పదును పెట్టించానే! రెండు పక్కలా!" అన్నాడు మురిసిపోతూ.

"రెండు పక్కలా! నా కొంపకీ రెండు పక్కలా నిప్పెట్టావు."

అతని ముఖం మాడిపోయింది. ఆవిడ తన రాయి తెచ్చుకుంది. రాయి ముందు కూర్చుని నన్ను పరిచి రుద్దసాగింది. సూరిబాబు పక్కనే గొంతుక్కూచుని, చెంబుతో నీళ్లు పోస్తూ ఉన్నాడు. నా కొసన చిన్న నీలి మచ్చ ఉంది. సానవేడికి అక్కడ ఉక్కు చచ్చిపోయింది. మిగతా అలుగు కూడా చచ్చిందా, బతికుందా? నాకే తెలియదు. కొలిమిలో ఇచ్చిన గట్టితనం ఒంట్లో ఎంతవరకు మిగిలిందో కోసి చూస్తే గాని ఏ కత్తికీ తెలియదు.

తడి గోనెలో పుల్లలు ఎదురుచూస్తున్నాయి. ఎండ ఎక్కుతోంది.

"ఏమ్మా, ముహూర్తం ఇంకా రాలేదా?" అని బల్ల దగ్గర నుంచి మేస్త్రి.

"రాయి అరిగితే వస్తుంది మేస్త్రీ."

పదకొండు దాటాక ఆవిడ నన్ను తుడిచి, నా చదును వైపు వెలుతురుకు పెట్టింది. కొస తప్ప మిగతాది మళ్లీ మెరిసింది. కొసను తగలనివ్వకుండా పిడి దగ్గరి సగంతోనే పని చేయాలని ఆవిడే తేల్చుకుంది. టెంక నాటి పెంచిన మొక్క తల కోసి, మధ్యకు చీల్చింది. పుల్ల మొదలును రెండు పక్కలా చెక్కి ఆ చీలికలో దించింది. టేపు చుట్టి, పైన ప్లాస్టిక్ తొడుగు వేసింది. పదింటిలో ఎనిమిది కోతలు పలకల్లా వచ్చాయని నాకు తెలుసు. రెండింట్లో కొంచెం తట్టుకున్నాను. ఆవిడకూ తెలిసింది. పెదవి కొరుక్కుంది. తర్వాత నన్ను మడిచేసింది.

ఆ మూడు వారాలు ఆవిడ కొంగు ముడిలోనే ఉన్నాను. రోజుకు పదిసార్లు ఆవిడ వేళ్లు ముడి మీదికి వచ్చి తడిమి వెళ్లేవి. బయట సంచుల్లో మట్టి పడుతున్న చప్పుడు తప్ప నాకు కబురు లేదు.

ఇరవై రెండో రోజు ఆవిడ ముడి విప్పి నన్ను చేతిలో పట్టుకుంది. తొడుగులు తీశారు. అయిదు పుల్లల మీద రాగిరంగు చిగుళ్లు. నాలుగు నల్లబడ్డాయి. పదోది ఎటూ కాకుండా ఉంది, చిగురూ లేదు, నలుపూ లేదు.

"అయిదే అయ్యాయి రత్నం," అన్నారు వీరభద్రం గారు. గొంతులో విసుగు లేదు, ముగించిన ధోరణి ఉంది. ఆవిడ తల వంచుకుంది.

తాతబ్బాయి ముందుకు వచ్చాడు. పదో పుల్ల తొక్కను గోటితో రవ్వంత గీకి, కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. ఆయన అంట్లలో కూడా కొన్ని నల్లబడ్డాయి. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"పచ్చిగానే ఉందండి. ఆగండి."

"ఎన్నాళ్లయ్యా?"

"అది చెప్పేదాకానండి. నాకు నచ్చినా నచ్చకపోయినా, బతికున్నదాన్ని పోయిందని ఎలా చెప్తానండి?"

ఆ తర్వాత అయిదో రోజున అది చెప్పింది. కొసన గోరంత ఎర్రటి మొన. నూకరత్నం పరుగెత్తలేదు, అరవలేదు. చేతుల మట్టి కడుక్కుని, బల్ల దగ్గరికి వెళ్లి, చివర ఖాళీగా ఉన్న పీట మీద కూర్చుంది. మేస్త్రి తన పుల్లల కట్ట ఇటు తోశాడు.

రెండు నెలల తర్వాత టేపు విప్పే రోజు వచ్చింది. బిగుసుకున్న టేపును నాతో గీరి తీయాలి. ఒక వెంట్రుకవాసి లోతుకు దిగినా, అతికిన చోటే మళ్లీ తెగుతుంది. ఆ క్షణం నేను పడ్డ భయం సానరాయి మీద కూడా పడలేదు. ఆవిడ ఎడమచేత్తో నన్ను పైపైనే లాగింది. టేపు విడిపోయి పక్కకు జారింది. కింద తొక్క లేతగా, కాస్త ఉబ్బి ఉంది. ఆనాడు నేను కోసింది ఎక్కడని గబగబా వెతుక్కున్నాను. ఎంత చూసినా నాకు దొరకలేదు.