వంక దొరకని గది

మూడో గుడ్డును గిన్నె అంచుకు కొట్టి ఇంటావిడ చెవులు రిక్కించింది, మేడ మీద చివరి గది తలుపు చప్పుడు కోసం. రాలేదు. రాదు కూడా. ఆ తలుపు బందులకు మొన్ననే నూనె పట్టించింది తనే. అది మర్చిపోయి ఎదురుచూసినందుకు తన మీద తనకే విసుగొచ్చి, గుడ్డు పెంకుల్ని బుట్టలోకి విసిరికొట్టింది.

ఆ ఇంటి మేడ మీద నాలుగు గదులున్నాయి. ప్రయాణాల మీద వచ్చేవాళ్ళకు రాత్రి పడక, పొద్దున ఫలహారం. అంతకు మించి ఇంకేమీ లేదు. భర్త పోయాక, ఖాళీ గదులు ఊడ్చి ఊడ్చి విసుగెత్తి ఆవిడ ఈ పనిలోకి దిగింది. ఇప్పుడు నిండిన గదులు ఊడ్చి ఊడ్చి విసుగెత్తుతోంది. నడుముకు పట్టీ బిగించుకుని దుప్పట్లు మారుస్తుంది. సబ్బునీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు ఎప్పుడూ పాలిపోయి ఉంటాయి. వచ్చిన ప్రతివాడూ "హోటళ్ళు మాకు పడవండీ, ఇక్కడైతే సొంతింట్లో ఉన్నట్టుంటుంది" అంటాడు. సొంతింట్లో ఉన్నట్టే ఉండాలంటే సొంతింట్లోనే ఉండొచ్చుగా అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చి ఆగుతుంది. సొంతిల్లే కదా అని తడి తువ్వాళ్ళు మంచం మీద పడేస్తారు. సొంతిల్లే కదా అని వంటింట్లోకొచ్చి గిన్నెల మూతలెత్తి చూస్తారు. ఒకాయనైతే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తాపీగా పేపరు చదివేశాడు.

వీళ్ళందరూ ఒక ఎత్తు, మిషన్లాయన ఒక్కడే ఒక ఎత్తు.

బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టుమిషన్లు బాగుచేస్తూ ఊరూరా తిరిగే మనిషి. పొడుగ్గా, కాస్త వంగి, మిషన్ నూనె వాసనేస్తూ ఉంటాడు. ఈ ఇంటికి మొట్టమొదట వచ్చిన అతిథి ఆయనే. అప్పట్నుంచీ నెలకోసారి వస్తూనే ఉన్నాడు, వచ్చినప్పుడల్లా వంక పెడుతూనే ఉన్నాడు. పరుపు మధ్యలో గుంట. కుర్చీ కుంటుతోంది. తలుపు పిల్లిలా ఏడుస్తోంది. మెట్టు మూలుగుతోంది. కప్పు అంచు పగిలింది. కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. పోనీ తానైనా బాగుచేస్తాడా అంటే, సంచి నిండా స్క్రూడ్రైవర్లు పెట్టుకుని కూడా ఒక్క మర బిగించిన పాపాన పోలేదు. ఆవిడ ఉండబట్టలేక ఒకసారి అడిగేసింది.

"పగలంతా బాగుచేసే వస్తున్నా. రాత్రి కూడానా చెల్లెమ్మా?" అన్నాడు.

పని చెయ్యకపోతే పోయాడు, ఒక్క మంచిమాట అనొచ్చు కదా! దారిన పోయేవాళ్ళంతా ఇల్లు బాగుందన్నారు గానీ, ఇన్నేళ్ళుగా వచ్చేపోయే మనిషి నోట ఆ ముక్క రాలేదు. అది రానంతవరకు మిగిలినవాళ్ళ మెచ్చుకోళ్ళు ఆవిడకు లెక్కలోకి రావు. ఉద్యోగం మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాననీ, ఈ రావడమే ఆఖరనీ ఆయన ఫోను చేసినప్పుడు, ఆవిడ ఫోను పెట్టేసి అప్పటికప్పుడు వడ్రంగికి కబురంపింది.

"ఆయన నోరు మూయించడానికి ఇంత హడావిడా వదినా?" అంది వంటలో సాయముండే ఆడపడుచు.

"మూయించడానికి కాదు, తెరిపించడానికి."

కొత్త పరుపు వచ్చింది. కుర్చీ కాళ్ళు సమానమయ్యాయి. మెట్టు నోరు మూసుకుంది. అంచు పగిలిన కప్పు చెత్తలోకి పోయింది. నిన్న సాయంత్రం ఆయన గదిలోకి వెళ్ళాక ఆవిడ మెట్ల కింద చాలాసేపు నిలబడింది. పైనుంచి ఏ మాటా వినపడలేదు.

ఇప్పుడు కూడా ఎప్పుడు దిగాడో దిగాడు. టీ పట్టుకుని వచ్చేసరికి, నిన్ననే దిగిన కొత్తజంటకు ఎదురుగా బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొత్త కప్పును అటూ ఇటూ తిప్పి, పగులుండే చోటు కోసం అంచు మీద వేలితో వెతికి, అది లేదని గుర్తొచ్చి తాగాడు.

"గది ఎలా ఉంది?" అంది ఆవిడ.

"బాగుందండీ."

ఆవిడ చేతిలో కెటిల్ అలాగే ఆగింది. ఈ ముక్క కోసమేనా తను ఇన్నేళ్ళూ చెవి కోసుకుంది? ఎప్పుడూ చెల్లెమ్మా అనే మనిషి ఇవాళ అండీ అన్నాడు.

"పరుపు?"

"అదీ బాగుందండీ."

"మా గది కూడా చాలా బాగుంది" అంది కొత్తజంటలో అమ్మాయి. నిన్నెవరడిగారని ఇంటావిడ పైకి అనలేదు గానీ, చూసిన చూపుకే ఆ పిల్ల తలొంచుకుని బ్రెడ్డుకు వెన్న రాసుకోసాగింది.

"బాగున్నవాడి మొహమేనా అది? రాత్రి కన్ను మూశారా అసలు?"

ఆయన తప్పంతా ఆవిడదే అన్నట్టు మొహం పెట్టాడు. "పట్టలేదు. నెలంతా నేను పడుకునేవి ఇలాంటి గదులే. తలుపు మాట్లాడదు, కుర్చీ కదలదు. మెలకువొస్తే ఏ ఊళ్ళో ఉన్నానో తెలిసి చావదు. ఇక్కడైతే ఆ గుంటలోంచి లేవలేక, నిన్ను తిట్టుకుంటూ లేచేవాణ్ణి. హోటల్లో ఎవర్ని తిట్టుకోను చెల్లెమ్మా? రోజుకో కొత్త మొహం."

"ఆ మాట ముందే ఏడవచ్చుగా!" ఆవిడ కేకకు ఆడపడుచు వంటింట్లోంచి తొంగిచూసింది. "వారమంతా వడ్రంగి చుట్టూ తిరిగాను. నా నడుం విరిగింది. మీ సణుగుడే మెచ్చుకోలని నాకేమన్నా కలొచ్చిందా?"

"మెచ్చుకోవడం నాకు చేతకాదు. మా ఆవిడా ఇదే అంటుండేది, ఉన్నన్నాళ్ళూ."

ఆవిడకు తిట్టడానికి ఇంకా చాలా ఉంది. కానీ ఆ చివరి మాట విని, బ్రెడ్డు పళ్ళెం ఆయన ముందుకు జరిపింది. ఆయన కప్పు దించి మొహం చిట్లించాడు.

"టీ మాత్రం చేదు."

"చేదైతే మానెయ్యండి" అంటూ ఇంకో కప్పు నిండా పోసింది. ఆయన అదీ తాగాడు.

బస్సు వేళకు సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. "కూతురింట్లోనైనా నోరు అదుపులో పెట్టుకోండి" అంది ఆవిడ గుమ్మంలో నిలబడి. "చూద్దాం" అన్నాడు, ఆ మాటకు కూడా వంక పెట్టేవాడిలా. వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడకు ఏడుపొచ్చింది. ఇలాంటి మనిషి కోసం ఏడుపేమిటని ఇంకా కోపమొచ్చింది.

కొత్తజంట మంచం మీది తడి తువ్వాళ్ళు తీసి ఆరేసి, ఇద్దర్నీ తిట్టాల్సినంత తిట్టి, చిట్టచివరికి ఆ చివరి గదిలోకి వెళ్ళింది. కొత్త పరుపు మీద దుప్పటి వేసింది వేసినట్టే ఉంది. దిండు కుర్చీలో ఉంది. దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని, నడుము నొప్పికి కుర్చీలో కూలబడింది. టక్కుమని కుర్చీ ఒక పక్కకు ఒరిగింది.

"వీడి చేతులు పడిపోను, ఇదేనా వీడు చేసిన పని?" అని వడ్రంగిని తిట్టుకుంటూ వంగి చూసింది. కుర్చీ ముందుకాలి కింద ఒక ఇనుప వాషరు ఉంది. మిషన్ నూనె వాసనేస్తోంది. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఈ ఇంట్లో చేసిన పని అదొక్కటే.

"వదినా, ఆ గదికి సాయంత్రం ఎవరో వస్తున్నారట. సర్దడం అయిందా?" ఆడపడుచు కింద నుంచి కేకేసింది.

"అయింది" అంది ఆవిడ. తీద్దామని పెట్టిన వేలు వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకుంది. వాషరు మాత్రం నిన్ననే ఊడ్చిన నేల మీద చిన్న నూనె మరక చేసి, కుర్చీ కాలి కింద అలాగే ఉంది.