డెల్ఫీన్ నమ్మిన మనిషి

సెల్మా కర్వోనెన్‌కి వాగే అలవాటు లేదు. ఆ ఇంట్లో వసపిట్ట అని పేరు పడ్డది అక్క కైసా. సెల్మా వినే పిల్ల. మెయిన్ వీధిలో బేకరీలో పనిచేసిన రోజుల్లో ఏలకుల రొట్టె కొనడానికొచ్చిన వాళ్లు రొట్టె సంచీ చేతిలో పట్టుకుని, వెనక నిలబడ్డ వాళ్లని మర్చిపోయి, తమ కష్టాలన్నీ ఆమెకి చెప్పుకునేవాళ్లు. "ఎలాగూ వింటూనే ఉన్నావు, దీన్నే చదువుకుని బతకరాదుటే?" అంది కైసా ఒకసారి. వేళాకోళానికే అంది. సెల్మా మాత్రం నిజంగానే చదివింది. ముప్పై దాటాక కాలేజీకెళ్లి, సోషల్ వర్కర్ అయి, సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న తన చిన్న ఊరికే తిరిగొచ్చింది.

చదువు అయిపోతే సరిపోదు. పూర్తి లైసెన్స్ రావాలంటే అనుభవమున్న మనిషి కింద రెండేళ్లు పనిచేయాలి. ఆ మనిషి జెనీవా ట్రెంబాత్. పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ ఉన్ని స్వెట్టర్‌లో ఉండే జెనీవా, కష్టాల్లో ఉన్నవాళ్లకి సాయపడే ఊరి సలహా కేంద్రాన్ని ఎన్నో ఏళ్లుగా నడుపుతోంది. మొదటిరోజే సెల్మాని కూర్చోబెట్టి చెప్పింది.

"పెద్ద ఊళ్లో మన దగ్గరికొచ్చిన మనిషి వీధిలోకెళ్తే జనంలో కలిసిపోతుంది. ఇక్కడ కలవదమ్మా. నీ చర్చిలోనే పాడుతుంది, నీ అక్కకి స్నేహితురాలై ఉంటుంది. అందుకని ఇక్కడ మన నోటికి తాళం రెట్టింపు ఉండాలి."

సెల్మా తలూపింది. తనకా విషయం ఒకరు చెప్పాలా అనుకుంది కూడా.

డెల్ఫీన్ బోషాన్ స్కూలు బస్సు నడిపేది. నలభై అయిదు దాటిన మనిషి, గట్టి చేతులు, గట్టి గొంతు. మంచు ఎంత కురిసినా ఆమె బస్సు ఆలస్యమయ్యేది కాదు. భర్త పోయాక సాయంత్రాలు గడవక తాగుడు మొదలుపెట్టింది. బస్సు షెడ్డులో పెట్టాక, ఇంట్లో, ఒక్కతే. తాగి ఏనాడూ బండి ఎక్కలేదు. కానీ ఒకరోజు పొద్దున స్టీరింగ్ మీద చెయ్యి వణికింది. వెనక సీట్లలో పిల్లలు పాడుకుంటున్నారు. ఆ వారమే తనంతట తానే సలహా కేంద్రం తలుపు తట్టింది.

"చూడమ్మాయ్," అంది మొదటిరోజు సెల్మాతో, "ఈ సంగతి నా తమ్ముడు ఆర్మాండ్‌కి చెప్పాను, తోడుగా ఉండటానికి మా ఇంటికొచ్చేశాడు. ఇప్పుడు నీకు చెప్తున్నాను. మూడో మనిషికి తెలిసిందో, నా బస్సు పోతుంది. ఆ బస్సొక్కటే నన్ను పొద్దున్నే లేపుతోంది."

"ఈ గది దాటి వెళ్లదు డెల్ఫీన్," అంది సెల్మా.

డెల్ఫీన్ తాగుడు మానుకుంటానన్న మాట నిలబెట్టుకుంది. వసంతం, వేసవి, ఆకులు రాలే కాలం, అన్నీ చుక్క ముట్టకుండా దాటింది. వారం వారం వచ్చేది. అప్పుడప్పుడు ఏడ్చేది. ఎక్కువసార్లు పిల్లల అల్లరి చెప్పి నవ్వించేది.

నవంబర్‌లో మొదటి పెద్ద మంచు పడ్డ శనివారం, కైసా ఇంటి వెనక ఆవిరిస్నానాల గదిలో, సౌనాలో, అక్కాచెల్లెళ్లిద్దరూ కూర్చున్నారు. వేడిరాళ్ల మీద కైసా నీళ్లు చల్లింది. ఆవిరి లేచింది.

"ఆ డెల్ఫీన్ ఉంది చూడు, తాగుతుందటే," అంది కైసా. "నిరుడు సీసాలు కొనుక్కెళ్లేదని కిరాణా కొట్టులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. మా పిల్లలిద్దరూ ఆ బస్సులోనే కదా వెళ్తారు! ఈ మంచులో, ఆ కొండ మలుపులో... నాకైతే గుండెలో రాయి పడింది."

డెల్ఫీన్ ఆ మాట వింటే ఎంత విలవిల్లాడుతుందో సెల్మాకి తెలుసు. ఆమె ఎంత కష్టపడి గట్టెక్కిందో తెలుసు.

"అదేం మాటే అక్కా! ఆమె ఎప్పుడో మానేసింది. ఇప్పుడు ఆమె అంత జాగ్రత్తగా ఈ ఊళ్లో ఎవరూ నడపరు. నువ్వు నిశ్చింతగా ఉండు."

కైసా చేతిలో నీళ్ల గరిటె ఆగింది. "మానేసిందా? అంటే తాగేదన్నమాట. నీకెలా తెలుసు?"

ఏ అబద్ధమైనా ఆ క్షణంలో పనికొచ్చేదే, కానీ సెల్మాకి ఒక్కటీ తట్టలేదు. "ఊరికే, అనుకుంటున్నా," అని గొణిగింది.

"ఊఁ," అంది కైసా. చెల్లెలు ఎక్కడ పనిచేస్తుందో ఆమెకి తెలుసు.

తర్వాతి వారం డెల్ఫీన్ వేళకంటే ముందే వచ్చింది. కోటు విప్పలేదు. కుర్చీ అంచున కూర్చుంది.

"నా బస్సు తీసేసుకున్నారు."

ఎవరో తల్లి ఫోన్ చేసి అడిగిందట, డెల్ఫీన్ తాగుడికి వైద్యం చేయించుకుంటోందా అని. స్కూలు వాళ్లు పిలిచి అడిగితే ఆమె అబద్ధమాడలేకపోయింది. వైద్యంలో చేరినప్పుడే వాళ్లకి చెప్పి ఉండాలట, అది నియమమట. విచారణ అయ్యేదాకా షెడ్డులో బస్సులు కడగమన్నారు.

"నా బస్సు వేరేవాడు తీసుకెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను. బకెట్టు పట్టుకుని." ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "తెలిసింది ఇద్దరికే. నువ్వు చట్టానికి కట్టుబడ్డ మనిషివి. ఇంకెవరు మిగిలారు? నా తోడబుట్టినవాడు! మంచు తోసే బండ్ల గ్యారేజీలో వాడితో పనిచేసే మగాళ్లంతా కాఫీ తాగుతూ కూర్చుంటారే, అక్కడ వాగి ఉంటాడు. వాడి బూట్లు మంచులోకి విసిరేశాను. మా ఇంట్లోంచి పొమ్మన్నాను. ఇప్పుడా గ్యారేజీ మీద గదిలో పడుకుంటున్నాడు."

ఇప్పుడే చెప్పాలి, ఈ నిమిషమే, అనుకుంది సెల్మా. కానీ చెయ్యి అలవాటుకొద్దీ టిష్యూల డబ్బా ముందుకు జరిపింది.

"ఆర్మాండ్‌తో మాట్లాడారా? ఆయనేమన్నారు?" అని అడిగింది. ఆ గొంతు ఎంత మెత్తగా, ఎంత పద్ధతిగా వచ్చిందంటే, దాన్ని విని ఆమెకే అసహ్యం వేసింది.

"అనలేదంటాడు. అమ్మ మీద ఒట్టు అంటాడు. చచ్చిపోయిన అమ్మ మీద! సిగ్గులేని వెధవ."

గంట గడిచింది. వెళ్తూ వెళ్తూ డెల్ఫీన్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు కూడా లేకపోతే ఏమైపోయేదాన్నో," అంది.

ఆ సాయంత్రం సెల్మా నేరుగా అక్క ఇంటికెళ్లింది. దారంతా తిట్లు పోగుచేసుకుంది. కైసా వంటింట్లో మాంసం, బంగాళాదుంపలు కూరిన పేస్టీలకి అంచులు మడుస్తోంది.

"విన్నావా?" అంది ముఖం వెలిగిపోతుండగా. "ఆ డెల్ఫీన్‌ని బస్సు దింపేశారు. నేనే ఫోన్ చేశాను. నీ పేరు చెప్పలేదులే, నాకా మాత్రం తెలీదా? ఫిర్యాదు కాదు, ఉత్తినే అడిగానంతే. నువ్వే చెప్పు, తల్లిని కదా, అడగొద్దా?"

సెల్మా గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏమని అరవాలి? 'ఆమె నా దగ్గరికొచ్చే మనిషే' అంటే అది రెండోసారి బయటపెట్టడం. 'ఆమె తమ్ముణ్ణి గెంటేసింది' అంటే అది మూడోసారి. పోగుచేసుకున్న తిట్లలో ఏది పైకి అన్నా డెల్ఫీన్ సంగతి ఇంకొంచెం ఒలుకుతుంది.

"ఏమైందే అలా ఉన్నావు? తిని వెళ్లు," అంది కైసా.

"ఆకలి లేదక్కా."

ఆ మరుసటి వారం కూడా చెప్పలేదు. డెల్ఫీన్ వచ్చింది, కూర్చుంది, ఆర్మాండ్ వాకిట్లోకొచ్చి ఎంతసేపు నిలబడినా తలుపు తియ్యలేదని చెప్పింది. కిటికీలోంచి చూస్తే అతని టోపీ మీద మంచు పేరుకుందట. సెల్మా వింది. 'చెప్తే ఈమెకి ఉన్న ఒక్క ఆసరా పోతుంది, మళ్లీ సీసా పట్టుకుంటుంది' అని తనకి తాను నచ్చజెప్పుకుంది. ఆ సాకులో సగం నిజముంది. మిగతా సగం లైసెన్స్. వసంతంలో రావాల్సిన లైసెన్స్. ఆ సగాన్ని ఆమె చూడదలుచుకోలేదు. తిండి సహించేది కాదు. వీధిలో మంచు తోసే బండి చప్పుడు వినిపిస్తే తల దించుకునేది.

డిసెంబర్ మొదట్లో జెనీవా ఆమెని తన గదికి పిలిచింది. కాఫీ పోసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇంక కొన్ని నెలలే. నీ గురించి లైసెన్స్ బోర్డుకి ఏం రాయాలా అని ఆలోచిస్తున్నా. నా కింద చాలామంది పనిచేశారు. నీకు చెప్పిన మాట బయటికి పొక్కుతుందని మాత్రం నేనెప్పుడూ భయపడలేదు సెల్మా."

సెల్మా కప్పు బల్ల మీద పెట్టింది. అంతా చెప్పేసింది. సౌనా, అక్క, ఫోను, బస్సు, ఆర్మాండ్.

జెనీవా మధ్యలో అడ్డురాలేదు. అయిపోయాక తన కప్పు కూడా పక్కన పెట్టింది.

"నోరు జారడం తప్పే," అంది. "పెద్ద తప్పే. నేనూ మనిషినే, ఎలా జరిగిందో అర్థమవుతోంది. కానీ ఆమె ఎదురుగా కూర్చుని తమ్ముడి కోసం ఏడుస్తుంటే, నువ్వు విన్నావు?"

"విన్నాను."

"రెండుసార్లు?"

"రెండుసార్లు."

"ఓదార్చావు?"

"ఓదార్చాను."

"నాకు అర్థం కానిది అదమ్మా," అంది జెనీవా. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది సెల్మాకి. "రేపు ఆమెని పిలుద్దాం. నువ్వే చెప్తావు. నేను పక్కనుంటాను, నీకోసం కాదు, ఆమెకోసం. బోర్డుకి నువ్వే తెలియజేస్తావు. ఏమవుతుందో నాకు తెలీదు."

మర్నాడు డెల్ఫీన్ వచ్చి, జెనీవాని చూసి, "ఏంటిది, ఇద్దరు డాక్టర్లా? నా జబ్బు ముదిరిందా?" అని నవ్వింది.

సెల్మా సాగదీయలేదు. "డెల్ఫీన్, ఆర్మాండ్ ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను. మిమ్మల్ని ఎవరో మాటంటే వెనకేసుకురాబోయి నోరు జారాను. మీ బస్సు పోయింది నా వల్ల."

నవ్వు డెల్ఫీన్ ముఖం మీదే కాసేపు ఉండిపోయింది, దింపడం మర్చిపోయినట్టు.

"ఎప్పుడు?"

"నవంబర్‌లో."

"అంటే... నేను వాడి బూట్లు విసిరేశానని చెప్పిన రోజున నీకు తెలుసా?"

"తెలుసు."

"ఆ టిష్యూ ఇచ్చినప్పుడు తెలుసా?"

"తెలుసు. క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు."

"అడగకు మరి!" డెల్ఫీన్ లేచింది. కుర్చీ వెనక్కి పడింది. "నీ చెయ్యి పట్టుకున్నానే! ఎవరూ లేకపోయినా నువ్వున్నావనుకున్నానే! వాడు వాకిట్లో మంచులో నిలబడ్డాడు, నేను పరదా వేశాను. పరదా వేశాను తెలుసా?"

ఆమె తలుపు తీసుకుని వెళ్లిపోయింది. కాసేపటికి వీధిలో ఆమె ట్రక్కు స్టార్టయింది. అది ఇంటివైపు తిరగలేదు, గ్యారేజీ ఉన్నవైపు తిరిగింది. కిటికీ దగ్గర నిలబడ్డ జెనీవా, "ఒకటైనా సరయింది," అంది. పడిన కుర్చీని సెల్మా లేవనెత్తి, దాని వీపు పట్టుకుని నిలబడింది.

బోర్డు ఆమె పేరు మీద మందలింపు పెట్టింది. ఇంకో ఏడాది జెనీవా కిందే పనిచేయాలంది. డెల్ఫీన్ పక్క ఊళ్లో మరో సోషల్ వర్కర్‌ని చూసుకుంది. జెనీవా తన పూచీ మీద స్కూలు వాళ్లతో మాట్లాడతానంటే, డెల్ఫీన్ ఒప్పుకోలేదు. "మీ కేంద్రం వాళ్లు నా తరఫున మాట్లాడింది చాలు," అందట. తాగడం లేదని తేల్చే పరీక్షలన్నీ తనే చేయించుకుంది. ఈస్టర్ దాటాక బస్సు తిరిగిచ్చారు. కొందరు తల్లులు పిల్లల్ని సొంత కార్లలో పంపడం మొదలెట్టారు. కైసా కూడా. "ఊరికే అనుకుంటున్నానన్నావుగా, నేనెందుకు నమ్మాలి?" అంటుంది చెల్లెలు ఏమైనా అనబోతే. సెల్మా శనివారాల సౌనాకి వెళ్లడం మానేసింది.

లైసెన్స్ వచ్చింది, ఏడాది ఆలస్యంగా. జెనీవా అభినందించింది, వీపు తట్టింది. సెల్మా దాన్ని గోడకి తగిలించింది, తగిలించి తీరాలి కాబట్టి.

ఆ తర్వాతి చలికాలంలో ఒకరోజు మధ్యాహ్నం, సరస్సు రోడ్డు మీద సెల్మా కారు జారి మంచుకుప్పలో దిగబడింది. ఎంత తిప్పినా చక్రాలు గిర్రున తిరిగాయే కానీ కారు కదల్లేదు. వెనకనుంచి మంచు తోసే బండొచ్చి ఆగింది. ఎర్ర గడ్డం, మందపాటి టోపీ. ఆర్మాండ్. సెల్మా ఎప్పుడూ అతనితో మాట్లాడలేదు. అద్దం దించింది.

అతను ఒక్క క్షణం ఆమెని చూశాడు. "ఓహో," అన్నాడు. "నువ్వేనా ఆ అమ్మాయివి."

"నేనే."

"నీ పుణ్యమా అని ఆ గ్యారేజీలో ఎలకలతో కాపురం చేశాను. నా బూటొకటి వసంతం దాకా దొరకలేదు తెలుసా?" బండిలోంచి పార తీసి చక్రాల చుట్టూ మంచు తవ్వడం మొదలెట్టాడు.

సెల్మా దిగింది. "ఆర్మాండ్, మీకు కూడా నేను..."

"కారెక్కు. చలి." అతను తల ఎత్తలేదు. "అక్క బాగానే ఉంది. అదేగా అడుగుదామనుకుంటున్నావు? అడక్కూడదని కూడా తెలుసుగా నీకు."

ఆమె తలూపింది.

"నీతో మాత్రం మాట్లాడదు. ఎదురుచూడకు. దాని మనసు నాకు తెలుసు." పార పక్కన పెట్టి, కారు వెనక భుజం ఆనించాడు. "నన్నడిగితే, నేనూ ఇంకా క్షమించలేదు. కానీ బండి తోయడానికి క్షమాపణతో పనేముంది? ఊఁ, మెల్లగా తొక్కు. మెల్లగా అన్నానా!"

కారు ఒక్క ఊపుతో రోడ్డెక్కింది. సెల్మా ఆగి వెనక్కి చూసేసరికి అతను తన బండెక్కేశాడు. ముందుకు పొమ్మన్నట్టు హారన్ కొట్టాడు. ఆమె కళ్లు తుడుచుకుని గేరు మార్చింది. కేంద్రంలో మూడింటికి కొత్తగా ఒక ముసలాయన వస్తున్నాడు. అతనికి ఏం మాట ఇవ్వాలా అని దారంతా ఆలోచిస్తూనే ఉంది.