ఒకే సీసాలో

పెద్దకోడలు ఇంక్యుబేటర్ తలుపును మోకాలితో మూసి, చేతిలోని గాజుపళ్ళేన్ని దీపం కిందికి ఎత్తి పట్టుకుంది. మెడ మీద చెమట, జడలో అక్కడక్కడ నెరసిన వెంట్రుకలు. ఇంట్లో ఆమె పెద్దకోడలు. ల్యాబులోనూ అందరూ అలాగే పిలుస్తారు. ఎందుకంటే ఆ ఇంటి చిన్నకోడలు కూడా ఇక్కడే పనిచేస్తుంది.

ఆ ఉద్యోగం ఇప్పించింది తనే. "మా తోడికోడలండీ, బుద్ధిమంతురాలు" అని మేనేజరుతో చెప్పిన నోరు ఇదే. ఆ నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకుందో.

పేగులకు మేలుచేసే బ్యాక్టీరియాను పెంచి, ఎండబెట్టి, పొడిగా పొట్లాలు కట్టే చిన్న కంపెనీ అది. పెద్దకోడలు పెళ్ళైన కొత్తలో చేరింది. అప్పటినుంచీ ఒకే రకాన్ని పెంచుతోంది. పిల్లలకు జ్వరమొచ్చిన రోజుల్లో కూడా వచ్చి దానికి మేత మార్చి వెళ్ళేది. అయితే అది సుకుమారం. పొట్టలో ఉండేంత పులుపు తగిలితే సగం చచ్చేది. చిన్నకోడలి చేతికిచ్చిన కొత్త రకం ఎంత పులుపుకూ చెక్కుచెదరలేదు. మేనేజరు మురిసిపోయాడు. ఇంట్లో అత్తగారూ అంతే. చిన్నది పెట్టిన టీ తాగి "ఇదీ టీ అంటే" అంటుంది, పెద్దది ఇన్నేళ్ళూ ఉత్త వేడినీళ్ళు పోసినట్టు.

రెండు రకాలనూ కలిపి ఒకే పొట్లంలో ఇస్తే ఎలా ఉంటుందో చూడమన్నాడు మేనేజరు. పెద్దకోడలు ఒకే సీసాలో రెండింటినీ వేసి, మేతగా పీచుపొడి కలిపింది. ఒకటి ఇంకోదాన్ని తొక్కేస్తే ఈ ఆలోచన మానుకుంటారు. తొక్కేయాలనే ఆమె కోరుకుంది.

ఆ సీసాలోంచి తీసి వేసిన పళ్ళెం ఇది. రెండూ ఉన్నాయి. పసుపు చుక్కలు చిన్నకోడలివి. వాటి మధ్య తెల్లగా, ఒత్తుగా తనవి. ఒంటరిగా ఉన్నప్పుడు ఎన్నడూ అంత పెరగలేదు. పీచును చిన్నదాని రకం ముక్కలు చేసి వదిలితే, ఆ ముక్కలు తిని తనది బలిసింది. తను ఇన్నేళ్ళు సాకినది, చివరికి దాని ఎంగిలి తిని బలపడాలా?

"ఏమైందక్కా?" తలుపు దగ్గర చిన్నకోడలు. సన్నటి భుజాల మీద కోటు వేలాడుతోంది.

పళ్ళేన్ని బోర్లించింది. "పొసగలేదు. నీది నాదాన్ని తొక్కేసింది."

చిన్నకోడలు కాసేపు ఆమె మొహంలోకి చూసింది. "అయితే నాది తీసేద్దాం. నీదే ఉండనీ. నేనెలాగూ వెళ్ళిపోతున్నాగా."

"ఎక్కడికి?"

"ఆయన పనిచేసే ఊళ్ళో ఇల్లు దొరికింది. రెండు గదులే, కానీ వంటింటికి కిటికీ ఉందట. సాయంత్రం రైలుకే. నీకు నేనే చెప్తానని అత్తయ్యతో అన్నాను. ఎలా చెప్పాలో తెలీలేదు."

వేరుకాపురం. పెళ్ళైన ఏడాదే పెద్దకోడలు ఆ మాటను మొగుడి చెవిలో వేసింది. "చూద్దాంలే" అన్నాడు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు. తను నోరు తెరిచి అడిగినా దక్కనిది దీనికి నడిచొచ్చింది.

"మంచిదేగా" అంది, సర్దిన సీసాలనే మళ్ళీ సర్దుతూ.

మధ్యాహ్నం మేనేజరు వచ్చి అడిగాడు. అబద్ధం నాలుక మీద సిద్ధంగానే ఉంది. కానీ పళ్ళెం తిరగేసేసరికి ఆ తెల్లటి చుక్కలు కనబడ్డాయి. అవి తనవి. అవి చచ్చాయని చెప్పడానికి నోరు రాలేదు.

"పొసిగాయండీ. దాని పక్కన ఉండబట్టి నాది బాగా పెరిగింది."

"అయితే ఇక రెండింటినీ మీరే చూసుకోవాలి" అన్నాడు.

సాయంత్రం గేటు దగ్గర ఆటో ఆగింది. చిన్నకోడలు పెట్టె లోపలికి తోసి, తనూ ఎక్కి కూర్చుంది.

"నాదానికి మేత ఆలస్యమైనా ఏం కాదక్కా. మొండిది." తర్వాత గొంతు తగ్గించింది. "పొద్దున నీకంటే ముందే చూశాను ఆ పళ్ళేన్ని. నీది ఎంత బాగా పెరిగిందో."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే పెద్దకోడలికి మింగుడుపడలేదు. నిష్ఠూరమాడి ఉంటే తనూ ఓ మాట అనేది. చేరగానే ఫోన్ చెయ్యమందామనుకునేలోగా ఆటో కదిలింది.

దీపాలు ఆర్పడానికి వెనక్కి వచ్చింది. పెంచే గది గుమ్మం పక్కన చిన్నకోడలు లోపల తొడుక్కునే రబ్బరు చెప్పులు, ఎడమదాని తెగిన పట్టీకి టేపు చుట్టి, వేళ్ళు పడ్డ చోట నల్లగా అరిగి, లోపలి వైపు తిరిగి ఉన్నాయి.